కుంచెడు కందులకు పుడిసెడు ఆముదం

పోయిన గురువారం పొద్దున మేమంతా ఖాలా అని పిలిచే మా పక్కింటి పెద్దావిడ కన్నుమూశారు. ఆమె పెద్దకొడుకు గోడ అవతల నిలబడి "అమ్మీ పోయిందన్నా" అని ఒక్కమాట చెప్పాడు. మధ్యాహ్నం ఖబ్రస్తాన్‌లో, వారి ఆచారం ప్రకారం, వచ్చినవారందరమూ మూడేసి గుప్పిళ్ల మట్టి వేశాము. మెదక్ గంజి మార్కెట్‌లో దడ్వాయిగా రైతుల ధాన్యం తూచి బతికేవాణ్ని నేను. చేతిలోకి ఏది వచ్చినా దాని బరువు మనసులో అనుకోకుండా ఉండలేను. ఆ మట్టి బరువు మాత్రం అనుకోలేదు.

ఇంటికి వచ్చి ఒక పాత కాగితం బయటకు తీశాను. నేను బడికి పోయినవాణ్ని కాను. గోనెసంచుల మీది అక్షరాలను కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నాను. అందుకే ఏదైనా రాసి పెట్టుకుంటే తప్ప నాకు ధైర్యం ఉండదు. ఆ కాగితం పైన "ఖాలా చెప్పినవి" అని ఉంటుంది. కింద మూడు నిలువు వరుసలు: వస్తువు, వాడుక, కొలత. మొత్తం పదకొండు సంగతులు. కుంకుడు రసం మొదట పట్టుచీరకు, తరువాత తలకు, మిగిలిన పిప్పి ఇత్తడి చెంబులకు. పొయ్యిలోని బూడిదను పాత దుపట్టాలో జల్లిస్తే మెత్తనిది గిన్నెలు తోమడానికి, గరుకుది పురుగు పట్టకుండా పెసల కుండలోకి. సీతాఫలం గింజల పొడి పిల్లల తలలో పేలకు, కళ్లు జాగ్రత్త. పది సంగతులకు కొలతలు నిండాయి. పదకొండోది, కందులకు ఆముదం పట్టించడం. దాని కొలత గడి ఇన్నేళ్లూ ఖాళీగానే ఉంది.

ఈ కాగితం ఒక తెల్ల పొడితో మొదలైంది. మేము ఆ ఇంటి పక్కకు కిరాయికి వచ్చిన ఏడాది, బజారులో కొత్తగా వచ్చిన పురుగుమందు పొట్లం కొని తెచ్చాను. నా భార్య దాన్ని ఏడాదికి సరిపడా కందుల్లో కలపబోతుండగా గోడ మీదుగా ఖాలా తల కనబడింది.

"ఏందమ్మా ఆ వాసన? ఇల్లు దవాఖాన చేస్తున్నరా?"

"పురుగు పట్టకుండ మందు, ఖాలా," అన్నాను.

"మరి మీరు తినరా ఆ కందులు?"

"కడుక్కొని తింటం."

"గట్లనా! పాపం, పురుగుకు కడుక్కొని తినుడు తెల్వకనే సస్తున్నదా?"

నా భార్య కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పొట్లం తిరిగి దుకాణానికి పోయింది.

అయినా విన్న మాటను వెంటనే నమ్మే స్వభావం నాది కాదు. నాలుగు చిన్న కుండల్లో సమానంగా కందులు తూచి పోశాను. ఒకదానిలో నీడన ఎండిన వేపాకు, ఒకదానిలో బూడిద, ఒకదానిలో ఆముదం. నాలుగోదానిలో ఏమీ వేయలేదు. ప్రతి అమావాస్యకూ తెరిచి చూసి రాసుకున్నాను. ఏమీ వేయని కుండ రెండో నెలకే పిండి రాల్చింది. వేపాకు కొన్నాళ్లు కాపాడింది. బూడిద బాగానే ఆపింది కానీ కడగలేక నా భార్య విసిగిపోయింది. ఆముదం కుండలో ఏడాది చివర కూడా గింజ నిగనిగలాడుతూ ఉంది. ఖాలా వచ్చి నాలుగింటినీ వంగి చూశారు.

"నీ ఇంతియాన్ల ఎవరు పాసయిన్రు, బిడ్డా?"

"ఆముదం, ఖాలా. కని ఎందుకు పాసయిందో సమజైతలేదు."

"ఆముదం రాస్తే గింజ నున్నగైతది. పురుగుకు కాలు నిలువది. జారుడుబండ మీద నువ్వు ఇల్లు కడ్తవా?"

ఇక కొలత అడిగాను. "కుంచెడు కందులకు పుడిసెడు" అన్నారు. ఎవరి పుడిసెడు అంటే, "నాదే" అని అరచేయి దోనెలా వంచి చూపించారు. సేర్లు పోయి కిలోలు వచ్చిన కాలమది. గంజిలో అందరి పాత కొలతలనూ కొత్తవాటిలోకి మార్చి చెప్పేవాణ్ని నేనే. ఆ పుడిసెడును మార్చలేనా అనుకున్నాను. చిన్న తరాజు తెచ్చి, మూడు రోజులు ఆమె చేతి ఆముదాన్ని తూచాను. ఒకనాడు మూడు తులాలు, ఒకనాడు రెండున్నర, ఒకనాడు రెండుకన్నా తక్కువ. ఆమె మూడుసార్లూ పుడిసెడే అన్నారు. నేను మూడింటినీ కలిపి సగటు కట్టాను.

మరుసటి ఏడు ఆమెను పిలవకుండా, ఆ సగటు ప్రకారం నేనే కందులకు ఆముదం పట్టించాను. శ్రావణంలో మూత తీస్తే కుండంతా తొలిచిన గింజలే. పిల్లలకు ఏడాదంతా పప్పు ఆ కుండలోదే. ఎవరికీ చెప్పలేదు, కానీ మా పొయ్యి మీద పప్పు ఉడకడం లేదని గోడ అవతలికి తెలియకుండా ఉంటుందా? ఖాలా తన కాగు నుంచి రెండు కుంచాల కందులు పోసి పంపించారు. సిగ్గుపడుతూ వెళ్లాను.

"ఈ ఏడు కందులు ఎట్లున్నయి?" అని అడిగారు.

"సన్నగ ఉన్నయి."

"సన్న గింజకు తోలెక్కువ. ఒక్క పెద్ద రొట్టెకు పట్టే నెయ్యెంత? దాన్నే నాలుగు చిన్నయి చేస్తే పట్టేదెంత? నీ తరాజుల తప్పు లేదు బిడ్డా. నువ్వు నా చెయ్యిని తూచినవ్, గింజను సూడలే."

అప్పుడు నా చేయి పట్టుకుని తన కాగులో మోచేతి దాకా దింపారు. బయటికి తీసి ఎండలో తెరవమన్నారు. అరచేయి పొడిగా ఉంటే ఆముదం చాలలేదు, కారితే ఎక్కువైంది, మెరిసి ఊరుకుంటే సరిపోయింది. "చెయ్యే చెప్తది" అన్నారు. అది ఏ గడిలో రాయాలో నాకు అర్థం కాలేదు. ఆ తరువాత ప్రతి ఏడూ కందులు పట్టించే రోజున ఆమెనే పిలిచేవాళ్లం. ఆమె గోడ చుట్టూ తిరిగి వచ్చి, చేయి ముంచి, తెరిచి చూసి, "అచ్చా" అనేవారు. గడి అట్లాగే ఉండిపోయింది. ఆమె ఉన్నారు కదా, తొందరేముంది అనుకున్నాను.

ఈ ఏటి కందులు ఆమె పోయిన నాటికే మా వాకిట్లో ఎండుతున్నాయి. ఇక ఆపితే పురుగు ఆగదు. నిన్న పొద్దున నా భార్య ఆముదం గిన్నె ముందు పెట్టుకుని కూర్చుంది. నేను కాగితం పట్టుకుని నిలబడి, దాని అంచున అప్పట్లో రాసుకున్న సగటులూ తులాలూ చదువుతున్నాను.

"ఆ చదువుడు జర ఆపుండ్రి," అంది. "మునుపు చదివినందుకే పురుగులు తిన్నయి."

గింజలను దోసిట పట్టి చూసింది. లావుగా ఉన్నాయి. పుడిసెడు వేసి, కలిపి, చేయి ముంచి ఎండలో తెరిచింది. పొడిగా ఉంది. ఇంకొంచెం వేసింది. మళ్లీ తెరిచింది. ఇద్దరం వంగి ఆ అరచేతిని చాలాసేపు చూశాం. మెరుస్తోంది, కారడం లేదు.

"ఖాలా చెయ్యి గిట్లనే ఉంటుండె గదా?"

అది శ్రావణంలో తెలియాలి. కాగు మూతకు మట్టి మెత్తడానికి ముందు నా భార్య, "ఏం రాసుకుంటరో రాసుకోండ్రి" అంటూ నా చేతిలోని కాగితాన్ని తీసుకుని, ఖాళీ గడి మీద వేలు పెట్టి చూపించింది. పెట్టాక గుర్తొచ్చింది, చేతికి ఆముదం ఉందని.

"అయ్యో, కాయితం ఖరాబు చేస్తి!"

"ఉండనీ," అన్నాను.

దానిని కిటికీ పక్కన మేకుకు తగిలించాను. ఈ ఉదయం చూస్తే పది గడుల్లో నా సిరా అక్షరాలు నల్లగా ఉన్నాయి. పదకొండో గడిలో ఆముదం ఇంకి, కాగితం పలచబడి, ఆ ఒక్కచోటు నుంచి వెలుతురు ఇవతలికి వస్తోంది.