బాద్‌షా కడుపులో రాయి

దేవరకొండలో పెళ్లి ఊరేగింపుకు గుర్రం కావాలంటే గుర్వయ్య ఇంటికే పోవాలి. ఆయనకు ప్రతిదాని గుట్టూ తెలుసుకోవాలన్న యావ. ఊళ్లో ఏ పంపుసెట్టు విప్పినా అందులో ముందు ఆయన తలే ఉంటుంది. అలాంటివాడికి సొంత గుర్రం బాద్‌షా మూత్రం ఎర్రగా ఎందుకొస్తోందో అంతుచిక్కలేదు. నడిపించిన రోజు ఎరుపు, కట్టేసిన రోజు మామూలే. కాళ్లు చాపి, మూలుగుతూ చుక్కచుక్కగా పోసేది. వేడి చేసిందని నలుగురూ అంటే సబ్జా గింజలు నానబెట్టి తాగించాడు. గుణం లేదు.

పశువుల డాక్టరు త్రివేణి పొడవాటి తొడుగు వేసుకుని, తోక కింద ఆసనంలోంచి చేయి పోనిచ్చి తడిమింది. తర్వాత స్కానింగు పెట్టింది. తెర మీద తెల్లటి గీత, దాని కింద నల్లటి నీడ.

"మూత్రాశయంల రాయి ఉంది."

"రాళ్లు మింగదు గదా మేడం. లోపల్కి ఎట్ల వోయింది?"

"పోలే. ఆడనే పెరిగింది. దారికి అడ్డంబడితే పానం పోతది, తియ్యాలె."

గుర్వయ్య కళ్లు తెర మీది నుంచి కదల్లేదు.

గుర్రాన్ని నిలబెట్టే, తోక మొదట్లో మత్తుసూది వేసి, ఆసనం కింద చిన్న కోత పెట్టింది డాక్టరమ్మ. పట్టకారుతో రాయిని లోపలే చిదిపి ముక్కలు తీసింది. గుర్వయ్య వాటిని కడిగి, అరచేతిలో ఒకదానికొకటి అతికించి చూశాడు. జామకాయంత అయింది, పచ్చగా, గరుగ్గా.

"నీళ్లు మంచిగ తాపుతవా?"

"పెండ్లినాడు పొద్దుగాలనుంచి చుక్క వెట్ట. పెండ్లికొడుకు మీదుండంగ పోస్తే ఇజ్జత్ పోతది గద" అన్నాడు గొప్పగా.

"గుర్రం మూత్రంల సున్నం ఉండుడు మామూలే. నీళ్లు తక్కువైతే పేరుకుంటది. గదొక్కటే కారణమని చెప్పలేను గని, ఇగ నీళ్లు ఆపకు."

ఇన్నాళ్లూ గుర్వయ్య ఎవరెవరినో అడిగాడు, తనను తాను తప్ప.

కోత మానాక మొదటి పెళ్లి తిరుమలగిరిలో పడింది. జరీ జీను కట్టి, అందరి ముందే బకెట్టు పెట్టాడు. బాద్‌షా నీళ్లు వాసన చూసి మొహం తిప్పుకుంది. జీను కట్టాక నీళ్లకు మూతి చాపితే చెంప మీద కొట్టి నేర్పింది ఆయనే.

"బాజా జర ఆపుండ్రి" అన్నాడు. పెళ్లివారు గొణుగుతుంటే జీను విప్పి కింద పెట్టాడు. "తాగు బిడ్డా, ఇగ కొట్ట."

బాద్‌షా నీళ్లను చూడలేదు, ఆయన చేతినే చూస్తోంది. గుర్వయ్య రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. అప్పుడుగాని అది తల వంచలేదు.