చీపురుపుల్ల కొలత

నా భార్యకు ప్రయాణాలంటే పడదు. ఈ మాట ముప్పై ఏళ్లుగా చుట్టాలందరికీ చెబుతూ వచ్చాను. పెళ్లికి పిలిస్తే ఒక్కణ్ణే వెళ్లి, "ఆమెకు ప్రయాణం పడదు" అని చెప్పి, ఆమె వంతు భోజనం కూడా నేనే చేసి వచ్చేవాణ్ణి. ఎప్పుడైనా బలవంతాన తీసుకెళ్తే, బస్సు దిగింది మొదలు నాకు ఇరవై అడుగుల వెనక నడిచేది. నేను నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "జర తొందరగ నడువరాదు? బస్సు నీకోసం ఆగుతదా?" అని కేకేసేవాణ్ణి. అదే మనిషి మా పల్లికాయ చేలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాళ్ల వెంట తిరిగినా అలసిపోదు. చేలో అంత చురుకైన మనిషి బస్టాండులో ఇంత నెమ్మది ఎందుకయిందో ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. ఆఫీసులో గుమాస్తాను, వచ్చిన కాగితాలు చూడటమే గాని ఇంట్లో మనిషి కాళ్లు చూసే అలవాటు నాకు లేదు.

మాది గోపాల్‌పేట దగ్గర ఊరు. ఉద్యోగం వనపర్తిలో. రోజూ బస్సులో పోయి రావడం. అందుచేత ఇంట్లోకి ఏం కావాలన్నా తెచ్చేది నేనే, ఆమె చెప్పులతో సహా. దానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. ఆడవాళ్లు పాదం నేల మీద పెడతారు. పక్కన చీపురుపుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి తుంచుతారు. ఆ పుల్లను జేబులో వేసుకుని మగవాళ్లు దుకాణానికి పోతారు. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. తెచ్చిన చెప్పులో పుల్ల పెట్టి చూపించి, "చూడు, వెంట్రుకవాసి తేడా లేదు" అనేవాణ్ణి. ఆమె వంగి చూసి, "అవును, సరిగ్గ వచ్చింది" అనేది. నాకు ఆ పూట అన్నం ఇంకో ముద్ద ఎక్కువ పోయేది.

నా చెప్పుల సంగతి వేరు. వాటికి పుల్లలూ గిల్లలూ ఉండవు. దుకాణంలో కుర్చీ వేయించుకుని, పది జతలు దింపించి, ఒక్కొక్కటీ తొడుక్కుని, గడప దాకా నడిచి వెనక్కి వచ్చి, వేళ్లు కదిలించి చూసి, "ఇంకొంచెం మెత్తగ లేవా?" అని దుకాణదారుడి ఓపిక తీరేదాకా అడిగి, అప్పుడు లేచేవాణ్ణి. ఇందులో తప్పేమీ నాకు ఎన్నడూ కనిపించలేదు.

ఈ మధ్య, నేను రిటైరయ్యాక, మా ఊరివాళ్లు కొందరు పూరీ ప్రయాణం పెట్టుకున్నారు. రైలు టికెట్లు తీయాలి గనుక శుక్రవారంలోగా పేర్లివ్వమన్నారు. ఆమె ఎప్పుడూ సముద్రం చూడలేదు. టీవీలో సముద్రం వస్తే చేతిలో పని ఆపి చూస్తుంది. ఆ ఒక్క సంగతి మాత్రం నేను గమనించాను. అందుకే ఎంతో హుషారుగా చెప్పాను.

"నువ్వు పోయిరా. నాతోని కాదు" అంది.

"సముద్రమే! టీవీల కాదు, ఎదురుంగ చూడొచ్చు."

"గాడ ఎంతగనం నడవాల్నో ఏమో" అని లోపలికి వెళ్లిపోయింది. ఇష్టం లేక వద్దన్నట్టు లేదు ఆ గొంతు. మనసు పడ్డ చీరను ధర విని మళ్లీ మడతపెట్టినట్టు ఉంది. అది విని నాకు కష్టం వేసింది.

నడకే కదా బాధ, దానికి మందు నా దగ్గరుంది అనుకున్నాను. వెంటనే పుల్ల తుంచుకుని వనపర్తి పోయి, తెల్లటి లేసుల బూట్లు తెచ్చాను. పొద్దున్నే మైదానంలో నడిచే ఆఫీసర్ల భార్యలు వేసుకునే రకం. పుల్ల అటూ ఇటూ కదలకుండా కూర్చుంది. అలవాటు కావడానికని మంగళవారం శ్రీరంగాపూర్ గుడికి బయలుదేరదీశాను. చీర కుచ్చిళ్ల కింద ఆ బూట్లు చూసుకుని, "బడిపిల్లల లెక్క ఉన్న" అని ఆమె సిగ్గుపడింది. "ఆఫీసరమ్మ లెక్క ఉన్నవ్" అన్నాను. బస్సు దిగి గుడి దాకా మామూలుగానే ఇరవై అడుగుల వెనక వచ్చింది. నేనూ మామూలుగానే కేకేశాను.

చిక్కు దర్శనమయ్యాక వచ్చింది. గుడి బయట విప్పిన బూట్లు మళ్లీ ఎక్కలేదు. బస్సులో కాళ్లు వేలాడేసి కూర్చున్నందుకూ, ఎండకూ పాదాలు ఉబ్బాయి. నేను గొంతుక్కూర్చుని లేసులన్నీ వదులు చేసి, బలమంతా పెట్టి తోశాను. దర్శనానికి వచ్చినవాళ్లు ఆగి మమ్మల్ని దర్శించుకున్నారు. ఆమె "అమ్మా" అని పాదం వెనక్కి లాక్కుంది. అంతలో బస్సు హారను వినిపించింది. అది పోతే మళ్లీ బస్సు ఎప్పుడో తెలియదు.

ఆమె నన్నొకసారి చూసి, పక్కనే ఉన్న నా చెప్పుల్లో కాళ్లు పెట్టి నడిచింది.

నడిచింది అంటే సరిపోదు. కొంగు నడుముకు చెక్కుకుని, చేలో నడిచినట్టు నడిచింది. ఆమె బూట్లు నాకెలాగూ పట్టవు. వాటిని లేసులు పట్టుకుని వేలాడదీసుకుని, ఉత్తకాళ్లతో, కాలిన రోడ్డు మీద, కంకర మీద, కాసేపు మడమల మీదా కాసేపు మునివేళ్ల మీదా గెంతుతూ వెనక పడ్డాను. ఆమె బస్సు మెట్టు ఎక్కి వెనక్కి తిరిగింది.

"జర తొందరగ నడువరాదు? బస్సు నీకోసం ఆగుతదా?"

బస్సులో ఉన్నవాళ్లంతా నవ్వారు, కండక్టరు కూడా. నేను సీట్లో కూలబడి అరికాళ్లు తుడుచుకుంటూ ఆమె పాదాల వైపు చూశాను. నా చెప్పుల్లో వేళ్లు విచ్చుకుని హాయిగా ఉన్నాయి. చిటికెన వేలి పక్కన ఆనెకాయ. రెండో పాదానికీ అదే చోట ఇంకొకటి. ఏళ్ల తరబడి ఉత్తకాళ్లతో చేలో తిరిగి ముందు భాగం చేటలా వెడల్పైన పాదాలు. నా పుల్ల వాటి పొడుగు కొలిచింది. వెడల్పు ఏనాడూ కొలవలేదు.

"చెప్పులు కరుస్తయా నీకు?" అని అడిగాను.

"ఇప్పుడడిగినవా!"

"ఎన్నేండ్ల సంది?"

"పెండ్లయిన కాణ్ణుంచి."

"మరి తెచ్చినప్పుడల్ల సరిగ్గ వచ్చినయంటివి గదా!"

"పుల్ల పెట్టి చూపిస్తివి. పుల్లకు సరిగ్గనే వచ్చినయి. నా కాలికి వచ్చినయా అని ఎన్నడన్న అడిగినవా?" అంది. తర్వాత మెల్లగా, "గంత దూరంకెల్లి సంబరంగ తెస్తివి. వాపస్ ఎట్ల పంపాలె అని ఊకున్న. యాడికి పోకుంటె చెప్పులతోని పనే ఉండదు గదా అనుకున్న" అంది.

ఆమె రాని పెళ్లిళ్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆమె సొంత తమ్ముడి కూతురి పెళ్లి కూడా వాటిలో ఉంది. ఆ పందిట్లో కూర్చుని, ప్రయాణం పడదని నలుగురికి చెప్పి, రెండోసారి పెరుగు వేయించుకుని మరీ తిన్నాను.

వనపర్తిలో దిగగానే తిన్నగా చెప్పుల దుకాణానికి తీసుకెళ్లాను. ఇన్నేళ్లలో ఆమె ఆ గడప ఎక్కడం అదే మొదటిసారి. దుకాణదారు అలవాటుకొద్దీ నా జేబు వైపు చూసి, "పుల్లేది సారు?" అన్నాడు.

"ఈసారి కాలే వచ్చింది" అన్నాను.

అతను నవ్వి, "దూరం పోవాలంటె గిట్ల సాయంత్రం కొనుడే మంచిదమ్మా, ఉబ్బిన కాలికి సరిపోతేనే దారిల సుఖం" అంటూ మగవాళ్ల అరలోంచి వెడల్పు రకాలు దింపాడు. ఆమె కాళ్ల పగుళ్లు కనబడతాయని చీర కిందికి లాక్కుంది. మొదటి జతకే చాలంది. నేను ఒప్పుకోలేదు. తొమ్మిది జతలు దింపించాను. గడప దాకా నడిపించాను. వేళ్లు కదిలించి చూడమన్నాను. "ఆయన పరేషాన్ అయితుండు, ఇగ చాలు" అని ఆమె నా మోచేయి గిల్లింది. చివరికి మెత్తటి అడుగు, వెనక పట్టీ ఉన్న నల్ల జత ఒకటి దొరికింది. చూడటానికి అందమేమీ లేదు. వాటితో గడప దాకా రెండుసార్లు తిరిగి, మూడోసారి అడక్కుండానే తిరిగింది.

శుక్రవారం పేర్లివ్వడానికి నాకన్నా ముందు ఆమే వెళ్లింది.

పూరీలో ఇసుక తగలగానే ఆ చెప్పులు విప్పి నా చేతికిచ్చింది. "గింత తిప్పలపడి కొన్నది మోసుకు తిరగడానికా?" అన్నాను. వినిపించుకోలేదు. పాదాల మీదికి నీళ్లు వచ్చి పోతుంటే చాలాసేపు నిలబడింది. తర్వాత ఒడ్డు వెంట నడక మొదలుపెట్టింది. వెనక మావాళ్లు చాయకు పిలుస్తున్నారు. నా కాళ్లు పీకుతున్నాయి. ఇక తిరిగి పోదామని అనబోతుంటే ఆమె దూరంగా చెయ్యి చూపించింది.

"అగో, ఆ పడవల కాడికి పోయొద్దమా? ఇంక పొద్దున్నది గదా."

నా చెప్పులూ విప్పి, రెండు జతలూ చేత పట్టుకుని ఆమె వెనక నడిచాను.