గూని దాసి జవాబు పాట

నాకు అక్షరాలు రాకపోబట్టి ఈ సంగతులు ఇంతకాలం రాయలేదు. బడికి పోవాల్సిన వయసులో మా మేనత్త వెంట నాటకాల బండిలో తిరిగాను. తెర కట్టిన ఊళ్ళో పడుకోవడం, తెర విప్పాక ఇంకో ఊరికి పోవడం. తర్వాత పెళ్ళి, పిల్లలు, మా ఆయన పోవడం, నేను కువైట్ రావడం. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితాల మీద వేలిముద్రలు వేస్తూనే తల నెరిసింది. ఫర్వానియాలో మా జిల్లా నర్సమ్మ ఒకామె శుక్రవారాలు తన గదిలో మాలాంటి వాళ్ళకు అక్షరాలు నేర్పుతుందని విని పోయి కూర్చున్నాను. బాత్రూములు కడిగే మందులో నానిన వేళ్ళకు పెన్ను నిలిచేది కాదు.

"చీపురు పట్టినట్టు పట్టుకున్న్యావే! అది పెన్నమ్మా, ఊడ్చేదానికి గాదు," అని నర్సమ్మ అందరిముందూ నవ్వేది. అందరూ నవ్వేవాళ్ళు. ఇప్పుడు నిలుస్తుంది. నిలిచాక మొదట రాయాలనిపించింది మా నాటకం గురించే.

ఆ నాటకానికి అచ్చు పుస్తకం ఉందో లేదో నాకు తెలియదు. నేనెప్పుడూ చూడలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో మా వైపు బడిపంతులు ఒకాయన రాశాడని మా అత్త చెప్పేది. నవ్వుల నాటకం. మాటల కంటే పాటలు ఎక్కువ. ఒక గొప్పింటి దొరసాని, ఆమె దగ్గర గూని దాసి. ఇంట్లో పెళ్ళిచూపుల రోజు దొరసాని బంగారు వంకీ కనిపించదు. వచ్చిన చుట్టాల ముందే దొరసాని దాసిని చీపురుతో బాదుతూ "ఏమే గూనిదానా, వంకీ యాడ దాచినావే" అని పాడుతుంది. దాసి దెబ్బలు తింటూనే వంత పాడాలి. అది దెబ్బల పాట. అది కాగానే దాసి లేచి నిలబడి జవాబు పాట ఎత్తుకుంటుంది. వంకీని కుదవ పెట్టింది దొరసానే. జుట్టుకు రంగు, ముఖానికి పౌడరు, కాళ్ళకు పట్నం చెప్పులు కొనుక్కోవడానికి. దాసి ఒక్కొక్క వస్తువు పేరూ చెప్పి పాడుతుంటే చుట్టాలు పొట్టలు పట్టుకుని నవ్వుతారు. దొరసాని పమిటలో ముఖం దాచుకుంటుంది. అక్కడితో నాటకం అయిపోతుంది.

మొదట్లో రెండు వేషాలూ మగవాళ్ళే కట్టేవారట. అప్పుడు దెబ్బల పాట చిన్నది, ఒక్కసారి పాడి ముందుకు పోయేవారట. జనం జవాబు పాట కోసం కూర్చునేవారట. మా వైపు నాటకాల్లో పాట నచ్చితే జనం వన్స్ మోర్ అంటారు. అన్నాక మళ్ళీ పాడి తీరాలి. హార్మోనియం ఆయన ఎవరినీ అడగడు, తిరిగి మొదటి నుంచి ఎత్తుకుంటాడు. వేషగాళ్ళు ఎక్కడ ఉన్నా పాట మొదలైన చోటికి పోయి నిలబడాలి. వినపడనట్టు ముందుకు పోతే కూర్చున్నవాళ్ళను లెక్కచేయనట్టు. స్టేజీ మీదికి చెప్పులు వస్తాయి. ఆ కాలంలో వన్స్ మోర్లన్నీ జవాబు పాటకేనని మా అత్త చెప్పేది.

తర్వాత ఆడవాళ్ళు వేషాలు కట్టడం మొదలైంది. ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషిని కొడుతుంటే తెల్లవార్లూ చూడొచ్చని అప్పుడే జనానికి తెలిసింది. వన్స్ మోర్లు దెబ్బల పాటకు మళ్ళాయి. మా అత్త గూని దాసి. పాతగుడ్డలు కుక్కి గూని కట్టుకునేది. దెబ్బలు ఆ గూని మీద పడాలని లెక్క. పాట రెండోసారి, మూడోసారి తిరిగేసరికి దొరసాని వేషం ఆమెకు చెయ్యి అదుపులో ఉండేది కాదు. చీపురు మెడ మీద, చెవుల మీద పడేది. తెల్లారేటప్పటికి జనం లేచిపోయేవారు. జవాబు పాట మిగిలిపోయేది. ఇట్లా కొన్నేళ్ళు జరిగాక ఆ పాట ఎట్లాగూ పాడేది లేదు కదా అని నాటకంలోంచే తీసేశారు. పాత హార్మోనియం ఆయన పోయాడు. కొత్తాయనకు ఆ వరస తెలియదు.

మా అత్త దాన్ని ఇంట్లో బియ్యంలో రాళ్ళేరుతూ పాడేది.

చెప్పమంటె చెబుతానమ్మ, చెంత చేరి వినవమ్మ
కుదవ పెట్టిన చేయి నీది, కొట్టే చేయి నీదమ్మ

నేను ఎక్కడైనా తప్పితే తొడ మీద గిల్లేది. ఆ గిచ్చుళ్ళతోనే పాటంతా నాకు వచ్చింది.

"అత్తా, స్టేజీ మీద ఎప్పుడు పాడతావు?" అని ఒకసారి అడిగాను.

"కొట్టింది సాలు అని జనం అన్న్యాక," అంది. వాళ్ళు అనలేదు. నేను ఇక్కడికి వచ్చిన తర్వాత మా అత్త పోయింది.

పోయిన చలికాలంలో మా వాళ్ళు ఇక్కడ పండగ ఫంక్షన్‌కు ఆ నాటకం వేయాలనుకున్నారు. వేయించే ఆయన అల్ రాయ్‌లో కార్ల షెడ్డులో మెకానిక్. వాళ్ళ నాన్న మా ట్రూపులో తెరలు కట్టేవాడు. నాకు నాటకమంతా నోటికి వచ్చని ఎవరో చెబితే ఫోన్ చేశాడు.

"అక్కా, గూని దాసి నువ్వే. మేకప్ ఖర్చు గూడా తప్పుతాది."

"జవాబు పాట ఉంటేనే కడతా," అన్నాను.

"అదేం పాటక్కా?"

ఫోన్లోనే పాడి వినిపించాను. "బలే ఉండాదే! పెడదాంలే," అన్నాడు.

నాకు అంత పట్టుదల ఎందుకో చెప్పాలి. ఊళ్ళలో చూసినవాళ్ళు వేరు. ఇక్కడ కూర్చునేది మా వాళ్ళే. ఇళ్ళలో పాచిపని చేసేవాళ్ళు, వంటవాళ్ళు, డ్రైవర్లు. ఎదురుమాట లేకుండా తిట్లు, దెబ్బలు తిన్నవాళ్ళు. జవాబు పాట వీళ్ళకంటే ఇంకెవరికి కావాలి అనుకున్నాను. మా అత్త జీవితమంతా ఎదురుచూసిన జనం ఫర్వానియాలోనే ఉన్నారని నమ్మాను.

దొరసాని వేషానికి గోదావరి వైపు ఇంజినీరు గారి భార్య దొరికింది. సన్నగా, తెల్లగా, మంచి గొంతు. శుక్రవారం పొద్దున షెడ్డులో టైర్ల మధ్య రిహార్సలు. మొదటిసారి చీపురు పట్టుకుని ఊరికే గాలిలో ఊపింది.

"తగలకూడదు కదండీ ఆంటీ? నాకు భయమేస్తోందండీ."

"గూని మీద కొట్టండి మేడం. అంతా గుడ్డలే. నాకు దెబ్బ తెలియదు."

నేను పనిచేసే ఇంటి పక్క విల్లాలో పనిచేసే ఆమె కూడా నాతో రిహార్సలుకు వచ్చేది. నాకంటే చాలా చిన్నది, రాజంపేట వైపు పిల్ల. పని చేయించుకునే ఇంటావిడను ఇక్కడ మామా అంటాం. వాళ్ళ మామా విసిరిన గాజుగ్లాసు తగిలి కనుబొమ్మ చీలింది, ఆ మచ్చ మీద వెంట్రుకలు మొలవలేదు. టైరు మీద కూర్చుని జవాబు పాట విని, "అక్కా, ఈ పాట మా మామాకు అరబ్బీలో పాడాల," అంది. నాకు ధైర్యం వచ్చింది.

ఫంక్షన్ రోజు హోటల్ మీది హాలు నిండిపోయింది. మా మామా ఆ రాత్రికి సెలవిచ్చింది, పొద్దున్నే టిఫిన్ వేళకు ఉండాలని చెప్పి. డ్యాన్సులు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఆలస్యమైంది. హాలు కాపలా ఉండే ఈజిప్టు ఆయన తలుపు దగ్గర నిలబడి గడియారం చూపిస్తున్నాడు. నాటకం మొదలైంది. నేను గూనితో రాగానే నవ్వారు. నా నడకకు ఈలలు వేశారు. బాగుంది అనుకున్నాను.

దెబ్బల పాట మొదలైంది. ఇంజినీరు గారి భార్య జాగ్రత్తగా గూని మీదే కొట్టింది. పాట అయిపోయింది. నేను జవాబుకు లేవబోయాను. వెనక వరసలోంచి ఆడగొంతు వచ్చింది.

"వన్స్ మోర్!"

హాలంతా అందుకుంది. కీబోర్డు వాయించే డ్రైవరు మొదటి నుంచి ఎత్తుకున్నాడు. దొరసాని పక్కకు చూసింది. "మళ్ళీనా?" అని మెల్లగా నన్నడిగింది. ఆమెకు మా పద్ధతి తెలియదు. నేను లేచి నా పాట పాడి ఉంటే ఆమె కూడా నాటకంలో ముందుకు పోయేది. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నా కాళ్ళు వాటంతట అవే పాట మొదలైన మూలకు పోయాయి. వంగి కూర్చుని, గూని ఆమెకు అందేటట్టు పెట్టాను.

రెండోసారి ఆమె కాస్త గట్టిగా కొట్టింది. జనం ఊగిపోయారు.

"సాలదు మేడం! అన్నం తిన్యావా లేదా?"

"మా మామాను పిలుచకరావాల్నా నేర్పేదానికి?"

"యల్లా మేడం, యల్లా!"

ఈసారి వన్స్ మోర్ అన్నప్పుడు ఆమె నన్ను అడగలేదు. మెడలో గొలుసు వెనక్కి వేసుకుంది. చీపురు తిరగేసి కట్ట వైపు పట్టుకుంది. గూని ముడి ఊడి గుడ్డలు జారిపోయాయి. ఒట్టి వీపు మీద పడ్డాయి దెబ్బలు. నేను "అమ్మా" అన్నాను. నాటకంలో దాసి అమ్మా అనదు. జనానికి అదే ఎక్కువ నచ్చింది. మళ్ళీ అమ్మా అనమని ఒక డ్రైవరు అరిచాడు. ముందు వరసలో నాతోపాటు అక్షరాలు నేర్చుకునే ఆడవాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుతున్నారు. కళ్ళలో నీళ్ళు తుడుచుకుంటూ ఇంకోసారి ఇంకోసారి అంటున్నారు.

నేను ప్రతిసారీ మూలకు పోయి కూర్చున్నాను.

చివరికి నేను లేచి నిలబడి "చెప్పమంటె" అని ఎత్తుకునేసరికి కీబోర్డు ఆయన తీగ చుట్టేస్తున్నాడు. కాపలా ఆయన ఖలాస్, ఖలాస్ అంటూ లైట్లు ఆర్పేశాడు. జనం కుర్చీలు జరుపుకుంటూ లేచారు. చీకట్లో రెండు చరణాలు పాడాను. ఒకామె నా పక్కనుంచి పోతూ, "నాటకం అయిపోయినాది కదక్కా, ఎవరికి పాడతాండావు?" అంది.

మెకానిక్ వచ్చి చేతులు పట్టుకున్నాడు. "ఏం జేయాలక్కా, జనం అడుగుతాంటే ఆపితే బాగుంటాదా? నువ్వు ట్రూపులో పెరిగినదానివి, నీకు తెల్దా?"

ఇంజినీరు గారి భార్య చెమట తుడుచుకుంటూ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది. "సారీ ఆంటీ, దెబ్బ తగిలిందాండీ? వేషంలో ఉంటే తెలియలేదండీ. కానీ భలే వచ్చింది కదండీ?" వాళ్ళాయన వీడియో తీశాడంటూ ఫోన్ నా ముఖం ముందు పెట్టింది.

మా విల్లాలు ఉన్న ఎగైలాకు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్క విల్లా ఆమె నా పక్కన కూర్చుంది. మొదట వన్స్ మోర్ అన్న గొంతు ఎవరిదో నాకు అప్పుడే తెలుసు. అయినా అడిగాను.

"మొదట అరిచింది నువ్వే కదా?"

"నేనే అక్కా."

"ఎందుకే?"

"మనం దెబ్బలు తినేటప్పుడు మన ముఖం మనకు కనపడదు కదక్కా. నిన్ను చూసినాక తెలిసినాది, ఎంత నవ్వొస్తాదో." నా చేతి మీద చెయ్యి వేసింది. "కోపమొద్దక్కా. ఇన్నేండ్లలో ఇంత నవ్వింది ల్యా."

"మరి నా పాట?"

"అది మంచి పాటే. దాంట్లో నవ్వేదానికేముందిలే."

మిగతా దారంతా ఆమె నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. తల బరువుకు వీపు మండుతూనే ఉంది. నేను జరగలేదు.

మరుసటి పొద్దున నేను మా మామా పిల్లలకు గుడ్లు వేయిస్తుంటే మెకానిక్ వాయిస్ మెసేజ్ వచ్చింది. వీడియో అందరి ఫోన్లలో తిరుగుతోందట. అహ్మదీ వైపు వాళ్ళు తమ ఫంక్షన్‌కు వేయమంటున్నారట. "ఈసారి ఆ పాట ఒద్దక్కా, టైం ఉండదు. దెబ్బల పాటనే కాస్త పొడుగు చేద్దాం. వస్తావు కదా?" నూనె చేతులు తుడుచుకుని ఒక్కొక్క అక్షరం వెతికి "రాను" అని రాసి పంపాను. నేను ఒకరికి రాసి పంపిన మొదటి మాట అదే. సరే అక్కా అని చెయ్యి బొమ్మ పెట్టాడు.

చెత్త సంచి పడేయడానికి వెనక గేటు తీసేసరికి పక్క విల్లా ఆమె అక్కడే ఉంది. మెకానిక్ అప్పటికే ఆమెకు ఫోన్ చేశాడు.

"గూని దాసి నన్ను కట్టమంటాండాడక్కా. నాకు పాట రాదంటి. నిన్నడిగి నేర్చుకోమన్న్యాడు." చీలిన కనుబొమ్మ కింద కళ్ళు మెరుస్తున్నాయి. "నేర్పుతావా?"

"ఏ పాట?" అన్నాను.

"ఇంకేం పాట? దెబ్బల పాటే."

చెత్త డబ్బా పక్కన నిలబడి ఆ పాట మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఎక్కడ వంగాలో, ఎక్కడ చేతులు అడ్డం పెట్టాలో చూపించాను. తప్పినచోట ఆపి మళ్ళీ పాడించాను. ఆమెకు త్వరగానే వచ్చింది. ఇంకేమైనా ఉందా అక్కా అని అడిగింది.

ఏమీ లేదని చెప్పి లోపలికి వచ్చి పెనం కడిగాను.