కాలికి మసి

షంటింగు జరుగుతుండగా చక్రం కింద పడి మోకాలి కింద కాలు పోయిన ఒక ఫిట్టరు మా బిలాస్‌పూరు రైలింజన్ల షెడ్డులో ఉండేవాడు. చంకకర్ర లేకుండా నడిచి చూపిస్తే రైలుగేటు దగ్గర జెండా ఊపే పని ఇస్తానన్నాడు షెడ్డు దొర. లేకపోతే పనీ లేదు, క్వార్టరూ ఖాళీ చెయ్యాలి. నేనప్పుడు ఆ షెడ్డు ఆఫీసులో గుమస్తాని.

"ఇంజనుకి చక్రాలేస్తన్నాం, మనిషికి కాలెయ్యలేమేటి?" అన్నాడు షెడ్డు కమ్మరి. అన్నంత పనీ చేశాడు, ఇనుముతో. ఫిట్టరు దాన్ని కట్టుకుని లేవబోయి మళ్లీ కూలబడ్డాడు.

"ఏటి బావా, ఈడిచేత గూడ్సుబండి లాగిద్దావనా?" అన్నాడు వడ్రంగి.

"ఇరగదు కదా!"

"ఇరగదు. కదల్దు కూడానూ."

అందరికంటే గట్టిగా నవ్వినవాడు ఫిట్టరే.

రెండోసారి వడ్రంగి తేలికపాటి కర్రతో చెక్కాడు. రైలుపెట్టెల్లో సీట్లు కుట్టే ఛత్తీస్‌గఢీ ముసలాయన లోపల తోలు పరిచాడు. కమ్మరి పట్టీలు బిగించాడు. అన్నం తినే గంటలో కూర్చుని ఒకరు చేసినదాన్ని ఇంకొకరు విప్పేవారు, కోపం లేకుండా మళ్లీ చేసేవారు. అయినా నాలుగడుగులు వేసేసరికి ఫిట్టరు పళ్లు బిగబట్టేవాడు. ఎక్కడ నొక్కుతోందని అడిగితే, అంతటా అనేవాడు.

దారి దొరికింది కూడా అతనికే.

"బేరింగు అమర్చినప్పుడు ఏటి సేస్తాం? మసి రాసి ఎక్కడ ఒరుస్తాదో సూస్తాం కదా. నాకూ రాయండి."

నూనెలో కలిపిన దీపపు మసిని అతని మొండికాలికి పూశారు. అతను కాలు తొడుక్కుని, బరువు మోపి, తీశాడు. లోపలి తోలు మీద మూడు నల్లమచ్చలు పడ్డాయి. ముసలాయన వాటిని వేలితో తడిమి "అచ్ఛా" అన్నాడు. తోలు ఎత్తి పట్టుకున్నాడు. దాని కింద, మచ్చ పడినచోట, వడ్రంగి కర్రను ఒక్కొక్క పొరగా గీకాడు. మళ్లీ మసి, మళ్లీ గీకుడు. ఇంజను ఇరుసు కోసం పుట్టిన పద్ధతి మనిషి ఒంటినొప్పికి చోటు చూపిస్తుంటే నేను నా భోజనం మరిచిపోయి నిలబడ్డాను. ఎన్నో యంత్రాలు చూశాను గాని, నలుగురు మనుషులు ఒకే ఒంటితో ఆలోచించడం అప్పుడే చూశాను. చివరికి మసి ఒక్కచోట ముద్దగా కాకుండా, అంతటా పలచగా అంటుకుంది.

పరీక్షనాడు షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయాయి. దొర తన ముందు అటూ ఇటూ నడవమన్నాడు. ఫిట్టరు కంకర మీదికి దిగి నడిచాడు. కొంచెం కుంటు ఉంది, తడబాటు లేదు. దొర తలూపాడు.

"ఆగరా, పాసైపోనావు!" అని కమ్మరి అరిచాడు.

అతను ఆగలేదు. లైను పక్కనే గేటుదాకా వెళ్లి, అక్కడున్న మనిషి చేతిలోంచి పచ్చజెండా తీసుకున్నాడు.