వెంట్రుక దూరని సొరుగు

ఆ వీధిలో ఆయన్ని అందరూ బిగువు మేస్త్రి అంటారు. తను చేసిన పెట్టెలో చీమ చిక్కుకుంటే బయటపడడానికి అర్జీ పెట్టుకోవాల్సిందేనని ఆయనే చెప్పుకుంటాడు. నలభై ఏళ్లు టేకుతో గడిపిన మనిషి. బీచ్ అనే విదేశీ చెక్కతో పరిచయమల్లా చేతిలోని కొడతే, అదే చెక్క సుత్తి. పదిహేనేళ్లుగా దానితో ఉలి నెత్తిన బాదుతున్నా అంచు రాలలేదు.

అందుకే వేసవిలో కలప అడితిలో లేత గులాబీ రంగు బీచ్ పలక కనబడగానే తెచ్చి, భార్య మంచం పక్కకు మందుల పెట్టె చేశాడు. చెక్కది సన్నని పోగు, చిత్రిక పడితే అద్దం. సొరుగు లోపలికి తోస్తే గాలి నిట్టూర్చింది.

"వెంట్రుక దూర్చు చూద్దాం," అన్నాడు.

"నా జుట్టు జోలికి రాకండి, ఉన్నవే నాలుగు," అంది ఆవిడ. ఉబ్బసం మనిషి. పీల్చే మందు అందులోనే పెట్టుకుంది.

వాన పట్టిన ఐదో రోజు మధ్యాహ్నం ఆవిడకు ఆయాసం వచ్చింది. సొరుగు లాగింది. రాలేదు. ఆయన లాగాడు. పెట్టె మొత్తం ముందుకొచ్చింది గాని సొరుగు కదల్లేదు. అప్పుడు తట్టింది. తేమ తగిలితే టేకు ఓర్చుకుంటుంది, బీచ్ ఉబ్బుతుంది. కొడతి ఉబ్బితే ఎవరికి పట్టింది? ఎండకు ముడుచుకున్న చెక్కకు తను పిసరంత సందు కూడా వదల్లేదు.

ఉలి మొన పెట్టి సొరుగును మెల్లగా కదిలించబోయాడు. నిదానంగా చేస్తే పెట్టె దక్కుతుంది. వెనక నుంచి ఈల లాంటి ఊపిరి. చెమటకు ఉలి జారింది.

"పగలగొ..." అంది ఆవిడ. మాట పూర్తి చేయడానికి గాలి చాలలేదు.

పెట్టెను బోర్లా తిప్పి కొడతి ఎత్తాడు. తన అతుకుల్ని తనే తిట్టుకుంటూ బాదాడు. నాలుగో దెబ్బకు వెనక పలక, దానితోపాటు సొరుగు వీపూ చీలాయి. చెయ్యి గీరుకుపోతున్నా లోపలికి దూర్చి, మందు లాగి ఆవిడ చేతిలో పెట్టాడు. రెండుసార్లు పీల్చింది. మూడోసారికి ఈల తగ్గింది. ఆయన కొడతి కింద పెట్టాడు.

మర్నాడు, చెక్క ఇంకా ఉబ్బి ఉండగానే, సొరుగు పక్కల్ని చిత్రిక పట్టి, చీలిన చోట కొత్త పలకలు వేశాడు.

"వీధిలో ఏం చెప్తారు?" అంది ఆవిడ.

"నలభై మంది పహిల్వాన్లు లాగినా రాలేదని."

"మందు నా దిండు కిందకి మారిందని కూడా చెప్పండి."

 సొరుగు లాగి చూశాడు. మూశాడు. బయట చినుకు పడుతుంటే మళ్లీ లాగాడు.