కొమ్ముల టోపీ పక్కన నా రొట్టె

ఈ రోజు మా అమ్మాయి స్కూల్లో వైకింగ్ డే, అంటే వెయ్యేళ్ల కిందటి ఉత్తర ఐరోపా ఓడల వీరుల్లా అందరూ వేషాలు వేసే రోజు. గ్రౌండ్‌లో కట్టెల మంట వేసి, ఇనప పెనం మీద బార్లీ రొట్టెలు కాల్చే పని తల్లులకు అప్పగించారు. కర్రతో ఒత్తుతుంటే అందరివీ విరిగిపోతున్నాయి. నేను మాత్రం జొన్నరొట్టెకి కలిపినట్టు వేడినీళ్లతో పిండి కలిపి, అరచేత్తో తట్టి వేశాను. ఒక్కటీ విరగలేదు.

అంతలో ఫోటో అన్నారు. కొమ్ముల టోపీ పెట్టుకున్న టీచరు నా చీర కేసి చూశాడు.

"మీరు కాస్త పక్కకి జరుగుతారా? ఫోటో అచ్చం ఆ కాలంలో తీసినట్టుండాలి."

"మమ్మీ, ప్లీజ్, జరుగు!" అంది మా అమ్మాయి, సిగ్గుతో చచ్చిపోతూ.

"మీ కొమ్ములు ప్లాస్టిక్‌వి. రొట్టె నిజమైనది, చేసింది నేను. జరగను" అన్నాను.

పోలరాయిడ్ ఫోటో అక్కడే చేతికొచ్చింది. నడిమధ్యన నేను, నా బొట్టు, నా రొట్టె. పాపం, ఆయనకి ఒక కొమ్ము ఫోటోలో పట్టలేదు.

ఇంత చిన్నదానికి అంత పంతమా అన్నారు మా ఆయన. మీరైతే జరిగేవారా, చెప్పండి. ఫోటో మాత్రం ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఉంది. అంటించింది మా అమ్మాయే.