నాగమ్మ పాలు మానేసిన తర్వాత

ఆ రోజు నా భార్య నాగమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. నేను మగ్గం గుంటలో ఉన్నాను. రాట్నం తిరుగుతూనే ఉంది గానీ కండె మీదికి నూలు రావడం లేదు. దారం ఎప్పుడో తెగిపోయింది. ఆమె వేళ్ళు మాత్రం దారం పట్టుకున్నట్టే గాలిలో కదులుతున్నాయి.

"ఏమ్మే, దారం తెగింది చూసుకోలేదా?" అన్నాను.

ఆమె తన చేతికేసి చూసుకుంది. "తెలీలేదు బావా. పది దినాల్నుంచి వేళ్ళు మొద్దుబారినట్టుండాయి. కాళ్ళూ అంతే."

"కూర్చుని కూర్చుని తిమ్మిరెక్కింటాయిలే" అని మళ్ళీ నేతలో పడ్డాను. మా ప్రొద్దుటూరు నేతగాళ్ళ వీధిలో తిమ్మిరి లేని వాళ్ళెవరు? అందుకే పట్టించుకోలేదు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. లేకపోతే ఆమె జబ్బు మీకు అర్థం కాదు.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో మా పాప సుబ్బులు పోయింది. నాలుగేళ్ళ పిల్ల. గొంతు వాచి, మూడు రోజుల్లో ఊపిరాడక, తల్లి ఒడిలోనే కన్నుమూసింది. ఆ తర్వాత నాగమ్మ మాంసం ముట్టలేదు. దుఃఖంలో ఉంది, నోటికి సహించక మానేసిందనుకున్నాం. పులివెందుల దగ్గర వాళ్ళ అన్న ఊరికి పంపాం, మనసు కుదుటపడుతుందని. రెండు నెలల తర్వాత పిలుచుకొద్దామని నేను పోయాను.

ఆ ఉదయం నా కళ్ళతో చూసింది చెబుతున్నాను. వాళ్ళ ఎనుముకు, అంటే గేదెకు, పుట్టిన దూడ అంతకు కొన్నాళ్ళ ముందే చచ్చిపోయింది. దూడ లేకపోతే తల్లి పాలు చేపదు. అందుకని నాగమ్మ అన్న ఆ దూడ తోలులోనే గడ్డి కూరి, కుట్టి, తల్లి ముందర నిలబెట్టాడు. ఎనుము దాన్ని నాకుతోంది. మెడ, చెవులు, మళ్ళీ మెడ. ఆయన కింద కూర్చుని పాలు పిండుతున్నాడు. ఇవన్నీ మా వైపు కొత్త కాదు.

నాగమ్మ చెంబు పట్టుకుని నిలబడింది. "దానికి తెలీదా అన్నా, బిడ్డ సచ్చిపోయిందని?" అనడిగింది.

"తెలిస్తే పాలియ్యదు కదమ్మా" అన్నాడాయన, తలెత్తకుండానే.

ఆమె చెంబు కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి ఏదీ నోట పెట్టలేదు. సంగటి, పప్పు, ఆకుకూర, చెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి, అంతే. ఎవరితోనూ వాదించలేదు. ఎవరినీ మానమనలేదు. మాకు వండింది, వడ్డించింది. తను తినలేదు. అట్లా దాదాపు నాలుగేళ్ళు గడిచాయి. ఈలోగా ఆంధ్రప్రదేశ్ వచ్చింది, రాజధాని హైదరాబాదుకు పోయింది. మా ఇంట్లో మళ్ళీ పిల్లలు కలగలేదు.

వేళ్ళ తర్వాత నాలుక వంతు. ఎర్రగా, నున్నగా అయిపోయింది. చిటికెడు కారం తగిలినా మంటతో కళ్ళల్లో నీళ్ళు. మొహం పాలిపోయింది. నాలుగు అడుగులేస్తే ఆయాసం. అప్పుడు మా ఊళ్ళోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. కనురెప్ప కిందికి లాగి చూశాడు. రక్తం పరీక్ష చేయించాడు.

"హిమోగ్లోబిన్ శానా తక్కువుంది. అనీమియా. మీరు నాన్ వెజిటేరియన్లేనా?"

"మేం తింటాం సార్" అన్నాను.

అది అబద్ధం కాదు. కానీ ఆ 'మేం'లో నాగమ్మ లేదు. పాలు కూడా మానేసిన భార్య ఉందంటే, ఇంట్లో తిండి పెట్టడం లేదనుకుంటాడేమోనని నాకు సిగ్గేసింది. నాగమ్మ పక్కనే తలొంచుకుని కూర్చుంది.

ఐరన్ టానిక్కు, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాసిచ్చాడు. "లివరు, గుడ్లు బాగా పెట్టప్పా" అన్నాడు. మాత్రలతో నెల తిరిగేసరికి మొహంలో రంగొచ్చింది. నాలుక మంట తగ్గింది. మేం సంబరపడ్డాం. కాళ్ళు మాత్రం అంతకంతకూ మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. ఒట్టి కాలితోనే వీధి చివరదాకా పోయేది.

అప్పుడు మా అమ్మా నేనూ కలిసి ఒక పని చేశాం. పొట్టేలి కాళ్ళు ఉడికించిన రసం ఆమె పప్పులో కలిపాం. "పానం కంటే ఎక్కువేంది నాయనా, దానికి చెప్పాకు" అంది అమ్మ. నేను సరేనన్నాను. మూడు రోజులు పెట్టాం. నాలుగో రోజు ముద్దలో చిన్న ఎముక ముక్క వచ్చింది.

నాగమ్మ దాన్ని తీసి పళ్ళెం అంచున పెట్టింది. మా అమ్మను చూడలేదు. నన్నే చూసింది.

"నీకు తెలుసా బావా?"

నేను ఆ ఎముక ముక్కను తీసి గుప్పిట్లో పెట్టుకున్నాను. ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. తిట్టలేదు, ఏడవలేదు. తిట్టినా బాగుండేది. మరునాటి నుంచి పెరట్లో మూడు రాళ్ళు పెట్టుకుని, ఆ తూలే కాళ్ళతోనే తన గింజలు తనే ఉడికించుకుంది. నా చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు కూడా చెంబులోకి తొంగి చూశాకే తాగేది.

ఒక పొద్దున మొహం కడుక్కోవడానికి కళ్ళు మూసుకుని నీళ్ళు చల్లుకోగానే, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ముందుకు పడిపోయింది. నుదురు పగిలింది. "కండ్లు మూసుకుంటే కాళ్ళు యాడుండాయో తెలీడం లేదు" అంది. ఆ మాటకు నాకు భయం పుట్టింది. అదే రోజు బస్సులో జమ్మలమడుగు పెద్దాసుపత్రికి తీసుకుపోయాను.

అక్కడ ఒక డాక్టరమ్మ చూసింది. గుంటూరు వైపు మనిషి. ట్యూనింగ్ ఫోర్క్ అనే రెండు కొమ్ముల ఇనుప కడ్డీని మోగించి నాగమ్మ చీలమండ మీద పెట్టింది.

"అదురుతున్నట్టు తెలుస్తోందా అమ్మా?"

"లేదు."

మోకాలి మీద పెట్టింది. అక్కడా లేదు. డాక్టరమ్మ మొహం మారింది. "ఏం తింటారు మీరు?" అంది.

నేను నోరు తెరవబోయాను. నాగమ్మ ఆపింది. "నేను మాంసం తినను. పాలు కూడా తాగను. నాలుగేండ్లయింది." ఎందుకో అడిగితే ఆ ఎనుము సంగతి చెప్పింది, సుబ్బులు పేరు కూడా. పాప పేరు ఆమె నోట విని ఎన్నాళ్ళయిందో.

"ఈ మాట ముందు చూసిన డాక్టరుకు చెప్పలేదా?"

"నన్నెవురూ అడగలేదమ్మా."

డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది. మాంసంలో, గుడ్లలో, పాలలో ఉండే బి ట్వెల్వ్ అనే విటమిను ఒంట్లో అయిపోయిందట. ఫోలిక్ యాసిడ్‌తో రక్తం పైకి బాగుపడ్డట్టు కనిపించిందిగానీ లోపల జబ్బు ముదిరిందట. "స్పైనల్ కార్డ్, అంటే వెన్నుపాము దాకా పోయింది. ముందే తెలిస్తే ఇంతవరకూ వచ్చేది కాదు" అంది.

ఇంజెక్షను ఎర్రగా ఉంది. నాగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "యాటను కోసి తీసిందా?"

"లివర్ నుంచి తీసే ఇంజెక్షను వేరే ఉంది. ఇది అది కాదు. కంటికి కనపడని సూక్ష్మజీవులను తొట్లలో పెంచి దీన్ని తయారు చేస్తారు."

"నిజమే చెప్తాండావా తల్లీ?"

"నిజమే చెబుతున్నానమ్మా."

నాగమ్మ చెయ్యి చాపింది. నా మీద లేని నమ్మకం ఆ కొత్త మనిషి మీద కలిగింది. నేను అక్కడే నిలబడి చూశాను.

రెండు వారాలకు ఆకలి పుట్టింది. నెలన్నరకు గోడ పట్టుకుని నడిచింది. అంతకు మించి బాగుపడలేదు. ఇప్పుడు కర్రతో నడుస్తుంది. పాదాలకు స్పర్శ తిరిగి రాలేదు. సన్న నూలు పట్టడం ఇక కుదరదన్నారు. నెలకొకసారి ఇంజెక్షను, బతికినన్నాళ్ళూ. మా అమ్మ నాగమ్మ చేతులు పట్టుకుని ఏడ్చి క్షమించమంది. "పోనీలే అత్తా" అని ఊరుకుంది నాగమ్మ. నేను అడగడానికి ఏడాది పట్టింది.

నాకూ మాంసం మానాలనిపిస్తోంది. ఇంకా పూర్తిగా మానలేదు. పోయిన నెల ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె ఒలిచిన చెనిగ్గింజలు చేటలోకి పోసింది. తర్వాత అంది: "నా కోసం మానొద్దు బావా. నీకనిపిస్తే మాను. మానితే మాత్రం ఆ డాక్టరమ్మకు చెప్పి మాను."

చదివేవాళ్ళకు నేను చెప్పగలిగింది కూడా అంతే. మాంసమో, పాలో, రెండూనో, ఏ కారణంతో మానినా అది మీ ఇష్టం, ఎవరికీ సంజాయిషీ అక్కర్లేదు. కానీ ఒంట్లో బాగాలేక డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, ఏం తింటున్నారో చెప్పి ఊరుకోకండి. ఏం మానేశారో, ఎన్నాళ్ళయిందో కూడా చెప్పండి. పక్కన భర్త ఉన్నా, అత్త ఉన్నా, జబ్బు పడ్డ మనిషినే ఆ మాట చెప్పనివ్వండి.